చామంతుల కుండీ

"మీ పిన్నిగారి తలుపు తాళం సరిగ్గా పడటం లేదమ్మాయ్. లోపలి మాటలన్నీ మెట్ల మీదికి వినిపిస్తున్నాయి."

పైకెక్కుతున్న బ్రోన్కా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మార్సెలి గోడకి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. చంకలో ఎప్పటిలాగే జర్మన్ పేపరు. రెండో అంతస్తులో దిగి నెల కాలేదు. ఎదురైన ప్రతి జర్మన్ సిపాయికీ టోపీ తీసి, వాళ్ల భాషలోనే పలకరిస్తాడు. జర్మన్ల చేతికింద నలిగిపోతున్న వార్సాలో అలాంటి మనిషిని ఎవరు నమ్ముతారు?

"ఏ... ఏం మాటలండీ?"

"నిన్న జామెక్ అనే మాట దగ్గర తంటాలు పడ్డారుగా! కోటకి కాజిల్, తలుపుదైతే లాక్, లంగాదైతే జిప్. మన మాట ఒకటే, ఇంగ్లీషులో మూడు. బాగానే చెబుతోంది మీ పిన్ని."

ఇంగ్లీషు పాఠమంటే చెప్పినవాళ్లకీ, నేర్చుకున్నవాళ్లకీ కూడా నాజీల నిర్బంధ క్యాంపే.

"పాఠాలు కావండీ... మా స్నేహితురాలి పేరు పండుగ."

"తెలుసులే. కాలెండర్లో రోజుకో సెయింటు, ఆ పేరున్నవాళ్లకి ఆ రోజు పండుగ. మీ ఇంట్లో మాత్రం వారానికి మూడు!" నవ్వాడు. "నాది జనవరి పదహారు. నాకూ ఓ కేకు ముక్క పెట్టాలి సుమా!"

బ్రోన్కా పైకి పరుగెత్తింది.

"వాడు పట్టిస్తాడు పిన్నీ! ప్రతి మాటా విన్నాడు. మనం అయిపోయాం."

కజిమియేరా పిన్ని మొహం పాలిపోయింది. కానీ గొంతు తగ్గలేదు.

"హఠాత్తుగా మానేస్తే ఇంకా అనుమానం. సోమవారం సెసీలియా పేరు పండుగ నిజంగానే ఉంది. కేకు చేస్తాను, అందరూ రండి."

"పాఠం కూడానా?"

"మన బళ్లు మూసేశారు. ఇక నా నోరు కూడా మూసుకోమంటావా?"

ఆ నాలుగు రోజులూ బ్రోన్కాకి నిద్ర లేదు. వీధిలో లారీ చప్పుడైతే చాలు, లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తేది.

సోమవారం మధ్యాహ్నం క్యారట్ కేకు చుట్టూ పిన్నీ, ఆమె దగ్గర చదువుకునే బ్రోన్కా, సెసీలియా, హలీనా కూర్చున్నారు. హలీనా కాగితం మీద జామెక్ అని రాసి, పక్కన మూడు ఇంగ్లీషు మాటలూ రాసింది.

కింద లారీ ఆగింది.

మెట్ల మీద బూట్లు.

"వాడే! చెప్పానా!" అంది బ్రోన్కా.

పిన్ని కాగితాన్ని కేకు ప్లేటు కిందికి తోసింది. ఆ తాళం పడని తలుపు ఒక్క తన్నుకే తెరుచుకుంది. ఇద్దరు సిపాయిలు, వాళ్ల ముందు తోలు కోటు వేసుకున్న ఒక పోలిష్ వాడు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"నా... నా పేరు పండుగండీ. సెసీలియాని."

"తారీకు సరిపోయిందే!" వెటకారంగా అన్నాడు తోలు కోటు. సిపాయిలు బీరువాలు దులుపుతున్నారు. వాడు బల్ల చుట్టూ తిరిగి, కేకు ముందు ఆగాడు. ప్లేటు అంచున తెల్లగా కాగితం మూల కనిపిస్తోంది.

"కేకు బాగుంది. కింద ఏమైనా ఉందా?"

వాడు చెయ్యి చాపాడు.

"పేరు పండుగ శుభాకాంక్షలు, సెసీలియా!"

గుమ్మంలో మార్సెలి. చేతుల్లో తెల్ల చామంతుల కుండీ.

మార్సెలి తాపీగా లోపలికి వచ్చి, కుండీని బల్ల మీద, సరిగ్గా ఆ కాగితం మూల మీద పెట్టాడు.

తోలు కోటు చెయ్యి ప్లేటు దగ్గరే ఆగిపోయింది.

"చామంతులా? సమాధుల మీద పెట్టే పూలు, బతికున్న పిల్లకి తెచ్చావా? ఏ పోలిష్ తల్లి కన్నదిరా నిన్ను? నీ పేరేంటి?"

"మార్సెలి."

"నీ పేరు పండుగ ఎప్పుడు?"

మార్సెలి నీళ్లు నమిలాడు.

"జూన్‌లో... అనుకుంటా."

"అనుకుంటావా!" తోలు కోటు పగలబడి నవ్వాడు. "పేరు పండుగ తెలియని క్రైస్తవుడు ఉంటాడా? దొంగ కాగితాలతో తిరుగుతున్న యూదుడివి! పట్టుకోండిరా వీణ్ని!"

కేకునీ, అమ్మాయిల్నీ మరిచిపోయి, ముగ్గురూ మార్సెలిని మెట్ల మీద ఈడ్చుకుపోయారు. ఆయన ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

లారీ కదిలిపోయింది.

"పట్టించింది వాడు కాదన్నమాట," అంది సెసీలియా, కళ్లు తుడుచుకుంటూ.

"అయ్యో పాపం! చామంతుల సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. చేజేతులా దొరికిపోయాడు," అంది హలీనా.

బ్రోన్కా కుండీ వైపు చూసింది. జనవరి పదహారు అని తడుముకోకుండా చెప్పిన మనిషి, జూన్ అని ఎందుకన్నాడు?

అప్పుడే ఆ భవనం కాపలామనిషి పెలాగియామ్మ రొప్పుకుంటూ పైకి వచ్చింది. బల్ల మీది కుండీని చూసి అక్కడే కూలబడింది.

"ఆయన్ని నెల నుంచీ దాచింది నేనేనమ్మా. లారీ దిగి వాళ్లు మీ అంతస్తు అడగ్గానే, వెనక గేటు తీసి పారిపొమ్మన్నాను. పోయుంటే ప్రాణం దక్కేది. వినలేదు. మెట్ల కింద నేను పెట్టుకున్న ఈ కుండీ ఎత్తుకున్నాడు. 'అయ్యా, అవి మా ఆయన సమాధికి. పండగింటికి తీసుకెళ్లే పూలు కావు' అని చెప్పాను కూడానూ."

ఆమె ఏప్రన్ అంచుతో మొహం కప్పుకుంది.

"'తెలుసమ్మా, అందుకే' అని పైకి వచ్చేశాడు."