కదలని ధర

రాయడమెందుకులే అని ఈ పోస్టుకార్డును పక్కన పడేశాను, మళ్లీ మనసాగలేదు.

2006లో వనపర్తి మార్కెట్ యార్డులో పల్లి ధరలు చూపే తెర ఒకటి పెట్టారు. గుమాస్తా పాత ధరనే మళ్లీ కొట్టినా తెరంతా తుడుచుకుపోయి మొదటినుంచి రాసుకొచ్చేది. మా మేనమామా అంతే, చెంచా అడిగితే ఇల్లంతా సర్దేవాడు. ఆయన సంగతి అలా ఉంచండి.

"ఏందమ్మా యాస్మిన్, నీ తెర మిణుకు చూసి కండ్లు పోతున్నయ్. గిట్లనే ఉంటే రేపటిసంది రాకు," అన్నాడు పల్లి కొనే అడ్తిదారుల పెద్ద మల్లన్న.

ఆ ప్రోగ్రాం రాసిన యాస్మిన్ అన్నం మానుకుని కూర్చుంది. ధర నిజంగా మారితేనే, ఆ ఒక్క అంకె మాత్రమే మారేలా సరిచేసింది.

"ఇగో, గిప్పుడు ఫొటో లెక్కుంది," అని మురిశాడు మల్లన్న.

వేలం మొదలైంది. అడ్తిదారులు గొంతు చించుకుని పాడుతున్నారు. తెర మీద ఒక్క అంకె కదల్లేదు. రైతులు పాట వినడం మాని తెరనే చూస్తున్నారు.

మల్లన్న ఆమె దగ్గరికొచ్చి గొణిగాడు. "బిడ్డా, జర మునుపటి లెక్కనే మిణుకనియ్యి. ధర కదుల్తున్నట్టన్న కనవడ్తది."

"ధర పెంచు సేటూ, అదే కదులుతది."

మధ్యాహ్నానికి రైతులు పల్లీలు మళ్లీ బస్తాలకెత్తుకుని గద్వాల యార్డుకు తోలుకుపోయారు.