తాలు మెయిళ్ళు

"ముట్టుకోవద్దు!"

మొహిద్దీన్ బాషా కేకకి అనీసా మౌసు మీంచి చెయ్యి తీసేసింది. కంప్యూటర్ తెర మధ్యలో ఇంగ్లీషులో ఒక మెసేజ్ వెలిసింది. తీసేసిన మెయిళ్ళు ఇంకా చోటు ఆక్రమించుకుని ఉన్నాయి, డేటాబేస్‌ని సర్దమంటారా అని అడుగుతోంది. కింద రెండు బటన్లు: అవును, తర్వాత.

"అవును అని నొక్కితే అదే సర్దుకుంటుంది సార్."

"అదే సర్దుకుంటుందా!" బాషా గదిలో అందరి వంకా చూసి నవ్వాడు. "బస్తాలో తాలుకాయలు వాటంతటవే లేచి బయటికొస్తాయా అమ్మాయ్? ఎవరో ఒకరు కూర్చుని ఏరాలి. తాలుతో పాటు మంచి మెయిలు కూడా పోయిందనుకో, నువ్వు తెచ్చిస్తావా? లేవండి, అందరూ బయటికి."

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో, విదేశాలకి మిరపకాయలు పంపే ఆఫీసు అది. అందరికంటే ముందు ఓనరు యలమందయ్యే లేచి చెప్పులు వేసుకున్నాడు. బాషా తలుపు గడియ పెట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఫ్యాను కూడా ఆపేశాడు.

వరండాలో టీ తాగుతున్నా అనీసా మనసు లోపలే ఉంది. ఇక్కడ చేరకముందు చీరాలలో బట్టల ఎగుమతి కంపెనీలో ఇలాంటి మెసేజులు ఎన్నో చూసింది. అక్కడ అవునని నొక్కి, టిఫిన్ డబ్బా మూత తీసేలోగా పని అయిపోయేది. ఇక్కడ కొలంబో పార్టీ కాగితాల కోసం కాచుక్కూర్చుంటే ఆఫీసంతా వరండాలో నిలబడింది.

"అసలు ఆయనకి కంప్యూటర్ వచ్చా?" అని వ్యాను డ్రైవర్ యేసుపాదాన్ని అడిగింది.

"రాకపోతే అంతసేపు లోపలేం చేస్తారమ్మా?" అన్నాడు యేసుపాదం. "ఆయన్ని తక్కువగా చూడమాక. కాయ తుంచి వాసన చూసి ఏ ఊరి చేలోదో చెప్పేవాడు. ఓనరుగారూ ఆయనా కలిసి సైకిలు మీద సరుకు కొన్న మనుషులు. ఆ మిరపకాయల కోరు, ఆ ఘాటు దుమ్ము పీల్చీపీల్చీ ఊపిరితిత్తులు పాడైనయ్. యార్డులో అడుగు పెట్టొద్దన్నాడు డాక్టరు."

"మరి ఇంట్లో ఉండొచ్చుగా?"

"ఉంటేగా! ఇంట్లో కూర్చో, జీతం పంపిస్తానన్నారు ఓనరుగారు. 'నేనేమన్నా ముష్టెత్తుకునేవాణ్ణా' అని మాట్లాడ్డమే మానేశాడు. తర్వాత ఈ మెసేజ్ రావడం మొదలైంది. ఇది మావల్ల కాదు, నువ్వే దిక్కని ఓనరుగారే ఇంటికెళ్ళి బతిమాలి తెచ్చుకున్నారు."

గడియ చప్పుడైంది. బాషా దగ్గుతూ, నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇవాళ్టికి గండం గడిచింది," అన్నాడు.

"నువ్వు లేకపోతే మునిగిపోయేవాళ్ళం బాషా," అన్నాడు యలమందయ్య. లిఫ్టు బటన్ నొక్కాలన్నా ఎవరినో ఒకర్ని పిలిచే మనిషాయన.

కాగితాలు ఆలస్యమయ్యాయని కొలంబో పార్టీ ఫోన్లో అరిచింది. అన్నీ విని యలమందయ్య ఫోన్ పెట్టేశాడు. బాషాని మాత్రం ఒక్క మాట అనలేదు.

"రేపట్నుంచి కాగితాలు ముందు రోజే పంపెయ్యమ్మా," అన్నాడు అనీసాతో.

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం బాషా ఆస్పత్రికి వెళ్ళాక మెయిల్ సెట్టింగులు తెరిచింది. 'సర్దే ముందు ప్రతిసారీ అడుగు' అన్న దగ్గర టిక్కు ఉంది. నాలుగు మెయిళ్ళు తీసేస్తే చాలు, అడిగేలా పెట్టి ఉంది. ఆమె టిక్కు తీసేసింది. ఇక కంప్యూటరే తన పని తను చప్పుడు లేకుండా చేసుకుంటుంది. హాయిగా ఇంటికెళ్ళింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి మెసేజ్ వచ్చి ఉంది. బాషా తలుపు గడియ పెడుతున్నాడు.

సాయంత్రం చూస్తే, తీసిన టిక్కు మళ్ళీ పెట్టి ఉంది. మళ్ళీ తీసింది. తెల్లారితే మళ్ళీ ఉంది. మూడోసారి కూడా అంతే.

అప్పుడు వెలిగింది ఆమెకి. తలుపేసుకుని ఆ గదిలో కూర్చునేది ఒక్కడే. ఏమీ తెలియనట్టు తాలుకాయల కబుర్లు చెబుతూ, కుర్చీ పోకుండా తనే ఆ టిక్కు పెట్టుకుంటున్నాడన్నమాట! ఆ దగ్గు చూసి జాలిపడి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు బాషా లోపల ఉండగానే యలమందయ్య దగ్గరికి వెళ్ళింది.

"సార్, మీకు బాధగా ఉంటుంది. అయినా చెప్పాలి. బాషాగారు మిమ్మల్ని మోసం చేస్తున్నారు."

యలమందయ్య తలెత్తాడు. "ఏమైందమ్మా?"

"ఆ మెసేజ్ రోజూ రావాల్సిన పనే లేదండీ. సెట్టింగుల్లో ఒక టిక్కు ఉంది. అది తీసేస్తే మళ్ళీ రాదు. నేను తీస్తుంటే రోజూ ఎవరో పెడుతున్నారు. ఇంకెవరు పెడతారు సార్? మెసేజ్ ఆగిపోతే ఆ గదిలో ఆయనకి పనేముంటుంది?"

"ఈ మాట ఇంకెవరికన్నా చెప్పావా?"

"లేదండీ. ముందు మీకే."

మూసిన తలుపు వెనక బాషా దగ్గు వినిపించింది. అది ఆగేదాకా యలమందయ్య అటే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు బాగా తగ్గించాడు.

"ఇక ఆ టిక్కు తియ్యమాకమ్మా, రోజూ పొద్దున్నే వచ్చి మళ్ళీ పెట్టలేక చస్తున్నా."