ఊట చుట్టూ పైన్ చెట్లు

పదకొండో పైన్ చెట్టుకు కూడా మొదలు దగ్గర చుట్టూ జానెడు మేర బెరడు ఒలిచేసి ఉంది. అలా ఒలిచిన చెట్టు నిలువునా ఎండిపోతుంది. పొద్దున్నే మేనేజరు వచ్చి చూశాడంటే తోట కాపలా ఉద్యోగం ఊడినట్టే. కాపలాదారు టార్చి పట్టుకుని తర్వాతి చెట్టు వైపు నడిచాడు.

ఈ తోటలో రాత్రిపూట పిట్ట కూడా అరవదు. రాలిన సూదులాకుల మీద ఎవరి అడుగులు వాళ్ళకే వినిపించవు. కానీ ఇప్పుడు ఒక చప్పుడు వినిపిస్తోంది. బుడబుడమని బిందె మునుగుతున్న చప్పుడు. ఇక్కడి ఊట ఎండిపోయి ఆరేళ్ళయింది.

టార్చి అటు తిప్పాడు. ఎండిన ఊట గట్టు మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కత్తి. పక్కన, నిరుడు చనిపోయిన అమ్మ బిందె, చుక్క తడి లేకుండా.

"నాన్నా! దుప్పటి కప్పి పడుకోబెట్టి వచ్చాను కదా! నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నది నువ్వా?"

"అరవకురా, మీ అమ్మ ఉలిక్కిపడుతుంది. ఆ లైటు ఆర్పు."

ఆర్పాడు. చప్పుడు ఇంకా దగ్గరైంది. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి తండ్రి భుజానికి ఆనుకుని కూర్చున్నాడు.

"నేనే ఒలిచానురా," అన్నాడు తండ్రి మెల్లగా. "కూలికి ఆశపడి ఈ మొక్కలు నాటిందీ నేనే. ఊటంతా ఇవే తాగేశాయి. చివర్లో మీ అమ్మ ఈ నీళ్ళే అడిగింది, గుక్కెడు తేలేకపోయాను. బిందె నిండితేగానీ ఇంటికి రానంటోంది. ఇంకా నాలుగు చెట్లేరా."