ఓనరొస్తే చెప్పు తాతా

“ఆ గునపం ఇలా ఇవ్వు బాబూ” అన్నాడు ముసలాయన.

“గునపం ఏంది తాతా?”

“నీ చేతిలోదే.”

మహేష్ తన చేతిలోని గడ్డపార చూసుకుని నవ్వాడు. పరాయివాళ్ల ప్లాటులో గుంత తవ్వడానికి అరగంట నుంచీ అతనికి చెయ్యి రావడం లేదు.

ముసలాయన పంచె ఎగ్గట్టి, ఖోఖో గుంజలకు రెండు గుంతలూ తనే తవ్వేశాడు.

“తాతకు ధైర్యం జాస్తి!” అంటూ చప్పట్లు కొట్టింది సౌజన్య.

సకల జనుల సమ్మె మొదలై పది రోజులు. బడులు, కాలేజీలు బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదివే సౌజన్య, మహేష్ కాలేజీ ఖోఖో జట్లలో ఆడతారు. ఎల్బీనగర్‌లో తమ కాలనీ పిల్లలకు ఆట నేర్పుదామనుకున్నారు. బడి గేటుకు తాళం. మిగిలింది ఈ ఖాళీ ప్లాటు ఒక్కటే.

ముసలాయన పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకుంది సౌజన్య. పొద్దున్నే వచ్చి గాజుపెంకులు ఏరేవాడు. ఆ తర్వాత గోడ నీడన కూర్చుని ఆట చూసేవాడు.

“తాతా, నీకో పని జెప్తా” అంది ఒకరోజు. “గీ జాగ ఓనర్ ఆంధ్రాయననట. చూసిండంటే మమ్మల్నందర్ని ఉరికిస్తడు. కొత్తోళ్లెవరన్న వస్తే జర కేకెయ్యి.”

ముసలాయన తలెత్తి ఆమెవైపు చూశాడు.

సౌజన్య నాలిక కరుచుకుంది. “నిన్నంటలేను. నీ మాట అటుదే గాని, నువ్వు మనోడివే తాతా.”

“అలాగేనమ్మా. వస్తే చెబుతాను.”

నాగోల్ పిల్లలతో ఆదివారం పోటీ ఖాయమైంది.

బుధవారం ఒక కారు ఆగింది. ఇద్దరు దిగి టేపుతో ప్లాటు కొలవసాగారు. పరుగెత్తే పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

ముసలాయన వాళ్లను పక్కకు తీసుకెళ్లి రెండు మాటలు చెప్పాడు. కారు వెళ్లిపోయింది.

“ఏం జెప్పినవ్ తాతా?”

“మీరు కొనాల్సిన జాగా ఇది కాదు, పక్క వీధిలోదన్నాను.”

“అబ్బో, మస్తు హుషారున్నవ్!”

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆదివారం ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

“వేరే అపార్ట్‌మెంట్‌ల పని దొరికిందేమో” అన్నాడు మహేష్.

రెండు వారాలకు ఒకావిడ ఆటో దిగి, సరాసరి గుంజల దగ్గరికొచ్చి నిలబడింది. మెడలో గొలుసు, చేతిలో కాగితాల ఫైలు.

ఓనర్ రానే వచ్చిందనుకుంది సౌజన్య. పిల్లలను వెనక్కి పంపి తను ముందుకెళ్లింది. వాచ్‌మన్ మీద నేరం పడకూడదు.

“గుంతలు తవ్వింది మేమేనండి. బడులు తెరిచేదాంక ఆడనియ్యండి, ఎనక మేమే పూడుస్తం. ఉత్తగ ఎగురుతలేరు మా పిల్లలు. నాగోలోళ్ల మీద గెలిచిన్రు!”

“గెలిచారా?”

ఆవిడ గుంజ మీద చెయ్యి వేసింది.

“ఆసుపత్రిలో మా నాన్నగారు చివరిసారి అడిగింది ఆ ఒక్క మాటేనమ్మా. రోజూ పొద్దున్నే మీ ఆట దగ్గరికే వచ్చేవారు కదా, ఈ స్థలం తనదేనని మీకెప్పుడూ చెప్పలేదా?”