తొంభై ఏడు డిగ్రీలు

అరకు పరీక్షా కేంద్రంలో గంట మోగింది. ఇక పది నిమిషాలే.

స్కూళ్లు మూతపడి పాతికేళ్లయింది. పిల్లలంతా ఇంట్లో తెర టీచరు దగ్గరే చదువుతున్నారు. ఏడాదికొకసారి మాత్రం తల్లీబిడ్డలు ఇక్కడికొచ్చి, స్వయంగా ప్రయోగం చేసి, చెరో కాగితం రాయాలి. బిడ్డ తప్పితే ఇంటి చదువు రద్దు. అప్పటికప్పుడే విశాఖ హాస్టలుకు పంపేస్తారు. బస్సు గేటు దగ్గర సిద్ధంగా ఉంది.

ప్రశ్న సులువే. నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి?

సులోచన గిన్నె వైపు చూడకుండానే వంద అని రాసేసింది. ఇంట్లో వంటంతా యంత్రమే చేస్తుంది కనుక, కూతురు పూర్ణిమ పొయ్యిని చూడటం ఇదే మొదలు. నీళ్లు కుతకుతలాడుతుంటే థర్మామీటరును కళ్లార్పకుండా చూసింది. తొంభై ఏడు అని రాసింది.

సులోచన ఆ అంకె చూసింది. రబ్బరు కూతురి వైపు నెట్టింది.

"చెరిపీయే! వందని రోజూ వల్లించావు కదే!"

"తొంభై ఏడు దాటట్లేదమ్మా."

"బస్సెక్కుతావేటే?"

పూర్ణిమ కళ్లలో నీళ్లు తిరిగాయి. రబ్బరు మాత్రం ముట్టుకోలేదు.

పరీక్ష పెట్టే దొన్నుదొర మాస్టారు రెండు కాగితాలూ అందుకుని చదివారు.

"కొండమీద గాలి పలచన. నీళ్లు వందకు ముందే మరిగిపోతాయి. పాప ఇంటికెళ్లొచ్చు."

సులోచన కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

"మీరాగండమ్మా. రేపట్నుంచి నెల్రోజులు మీకిక్కడే క్లాసు."

పూర్ణిమ తల్లి చేతిలో థర్మామీటరు పెట్టింది.

"ఈసారి చూసి రాయమ్మా."