అడగాల్సిన వంతు

పోస్టు కార్డుల మీద నడిచే చదరంగంలో ఆ పూట వచ్చిన ఎత్తును దామోదరం రెండుసార్లు చదివాడు. అవతలి ఆటగాడు పరంధామయ్య, కాపలాగా ఉన్న ఏనుగును పక్కకు తీసి, తన రాజును ఒంటరిని చేసుకున్నాడు. ఇక దామోదరం తన ఏనుగును చివరి వరసకు తోస్తే చాలు, ఆటకట్టు.

"ఏమప్పా, ఈసారి గెలిచేటట్టుండావే!" అన్నాడు పోస్ట్‌మాన్ ప్రేమానందం. పదిహేను పైసల కార్డు, దాని మీది రాత అందరూ చదివేదే. "ఆయన జిల్లా ఛాంపియన్. రేటింగులో నీ పేరు అట్టడుగున ఉండాది. చంద్రగిరంతా సెప్పుకుంటారు సూడు!"

"సెప్పుకోనీలే," అన్నాడు దామోదరం ఏడుపు మొహంతో.

గెలిచి సంబరపడాల్సిందిపోయి ఇదెక్కడి ఖర్మ! ఆట మొదలైనప్పటి నుంచీ వాళ్లిద్దరికీ ఒక కట్టుబాటు. కార్డు మీద ఎత్తు తప్ప మరో మాట రాయకూడదు. ఓడినవాడు మాత్రం 'ఇంకో ఆట' అని అడగాలి. అడగకపోతే అంతటితో సరి.

ఇన్నేళ్లూ ఓడింది దామోదరమే, అడిగిందీ దామోదరమే. ఓడినందుకు అతనికి ఏనాడూ దిగుల్లేదు. కార్డు వస్తే చాలు, ఆ పూట అన్నం సయిస్తుంది. పరంధామయ్య అట్లా కాదు. ప్రాణం పోయినా ఒకరిని అడిగే రకం కాదాయన.

గెలవకుండా ఉండాలని దామోదరం గుర్రాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ ఇప్పటికే కొంతకాలం నెట్టుకొచ్చాడు. ఇంక కుదరదు. కళ్లెదుట ఉన్న ఆటకట్టును వదిలేస్తే, జాలి పడ్డాడని ఆయనకు తెలిసిపోతుంది. ఆయన దేన్నైనా ఓర్చుకుంటాడు గానీ జాలిని ఓర్చుకోడు.

కొత్త కార్డు ముందేసుకుని కూర్చున్నాడు. భార్య పంకజాక్షి కాఫీ తెచ్చింది.

"రాత్రంతా పక్కింట్లో ఒకటే దగ్గు. ఒకసారి పోయి సూసొస్తామా?"

"గోడ లేసిన దినమే మాటలు పోయినాయి. మనల్ని వాకిలి తొక్కనిస్తారా?"

ఆమె గ్లాసు అతని పక్కన పెట్టి లోపలికి పోయింది. కాఫీ చల్లారిపోయింది.

చివరికి రాశాడు. ఏనుగు, చివరి వరస, ఆటకట్టు. కింద ఇంకో ముక్క రాయాలని చెయ్యి లాగింది. కట్టుబాటు గుర్తొచ్చి కలం మూసేశాడు. బస్టాండు దగ్గరి డబ్బాలో కార్డు వేసి, ఇక తనకు కార్డులు రావనుకుంటూ ఇల్లు చేరాడు. గెలుపు ఇంత చేదుగా ఉంటుందని అతనికి తెలియదు.

మర్నాడు ప్రేమానందం ఆ కార్డును దామోదరం వాకిలి దాటించి, నడిమి గోడకు అవతల దగ్గుతూ కూర్చున్న అతని అన్న పరంధామయ్య చేతిలో పెట్టాడు.