ముప్పైఆరు నెలలు

"ఒక్క నెల తక్కువైనా ఫైలు వెనక్కే. వారంలో దేశం విడిచి వెళ్ళాలి," అన్నాడు అధికారి, పెదవులు పెద్దగా కదపకుండా. నలభై కూడా నిండని మనిషి, నవ్వన్నది ఎరగనట్టున్నాడు.

కట్టుడు పళ్ళు చేసే ఆమె కుర్చీ అంచుకు జరిగింది. పనివాళ్ళు దొరకని ఆ చిన్న ఊళ్ళో మూడేళ్ళు విడవకుండా పనిచేస్తే శాశ్వత నివాసం ఇస్తారు. చేసింది. కాగితాలే ల్యాబుతో పాటు కాలిపోయాయి.

"నేను ఇక్కడే ఉన్నానని ఊరంతా చెబుతుందండీ."

"నోటిమాట చెల్లదమ్మా. తేదీ ఉండాలి."

తోడొచ్చిన, ఆమె అద్దెకుంటున్న ఇంటావిడ, డెబ్భై ఏళ్ళ ముసలమ్మ, చటుక్కున పైపళ్ళు ఊడదీసి బల్లమీద పెట్టింది.

"తేదీయేగా? లోపలివైపు చూడు నాయనా."

ఒకరి పళ్ళు ఇంకొకరికి పోకుండా ప్రతి సెట్టు లోపలా నెల, ఏడాది, పక్కన ఒక చిన్న నెలవంక చెక్కడం పళ్ళు చేసే ఆమె అలవాటు. అధికారి భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇది ఒక్క నెలకే."

"ఆగు మరి!" అంది ముసలమ్మ బోసినోటితో. ఫోను తీసింది.

ఊరు చిన్నది, కబురు పెద్దది. గంట తిరక్కుండా మెట్లదాకా వరుస. పోస్టుమాన్, రొట్టెల కొట్టాయన, రిటైరైన జడ్జి... ఒక్కొక్కరే రుమాలు అడ్డం పెట్టుకుని తీసి పెడుతున్నారు. ఇన్నాళ్ళూ డాక్టర్లు పంపిన చిగుళ్ళ అచ్చులే తప్ప ఆమె ఈ ముఖాలు చూసి ఎరగదు.

"త్వరగా తేల్చు బాబూ, భోజనం వేళయింది. చిగుళ్ళతో నమలమంటావా?" అన్నాడు జడ్జి.

బల్లమీద ముప్పైఐదు నవ్వులు ఆమెనే చూస్తున్నాయి.

"మొట్టమొదటి నెల లేదు," అన్నాడు అధికారి మెల్లగా.

"ఆ నెల ఒక్క సెట్టే చేశానండీ. ఎవరికో తెలీదు."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో ఇంకో బోసినోరు మిగల్లేదు.

అధికారి లేచి, తలుపు దగ్గరగా వేసి, గోడవైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, బల్లమీది పళ్ళ వరుస మొదట్లో ముప్పైఆరో సెట్టు ఉంది.